నెలంతా సరదాగా చదివాక వెనక్కి చూసుకునేది ఎట్లా?

అమ్మా, మీ ప్రశ్న ఇంకా చాలామందికి ఉండేదే కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. మీరు అనంతపురంలో ఉద్యోగం చేస్తున్నారు. పరీక్ష కోసమో ప్రమోషన్ కోసమో కాకుండా, ఊరికే ఇష్టానికి, మే నెలంతా తెలుగు పుస్తకాలు చదవాలనుకున్నారు. ఆరు పట్టుకున్నారు. రెండు మధ్యలో ఆగిపోయాయి. పూర్తయిన నాలుగింటిలో ఒకటి డిటెక్టివ్ నవల, అది లెక్కలోకి రాదన్నారు. మిగతా మూడింటి గురించి ఎవరైనా అడిగితే గబుక్కున చెప్పడానికి ఏమీ తోచడం లేదన్నారు. మీ స్నేహితురాలేమో యాప్‌లో ఏడాదికి వంద పుస్తకాలని లక్ష్యం పెట్టుకుని చదువుకుంటూ పోతోంది. నా నెల దండగైందా, అసలు చదివినదాన్ని వెనక్కి చూసుకునేది ఎట్లా అని అడిగారు.

దండగ కాలేదు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మంచి నెలే గడిచింది. దాన్ని కొలిచిన కొలతే సరైంది కాదు.

నేను కర్నూలు వైపు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసంతా కౌంటర్ వెనక కూర్చుని, జనం ఏ పుస్తకం తీసుకుపోతారు, ఎప్పుడు తెచ్చిస్తారు, ఎట్లా తెచ్చిస్తారు అని చూడటమే నా పని. పుస్తకం వెనక అట్ట లోపల ఒక చీటీ అతికించి ఉంటుంది, దాని మీద గడువు తేదీ ముద్ర వేస్తాం. ఆ చీటీ చూసి ఒక పుస్తకం ఎన్నిసార్లు బయటికి పోయిందో చెప్పొచ్చు. జనానికి నచ్చిందో లేదో చెప్పలేం. ఒక నవల శనివారం పోయి సోమవారం తిరిగొచ్చిందనుకోండి. రాత్రంతా మేలుకుని చదివేశారా, నాలుగు పేజీలు తిప్పి విసుగొచ్చి తెచ్చి పడేశారా? రిజిస్టర్‌లో రెండూ ఒకటే.

అసలు సంగతి పుస్తకం లోపల దొరికేది. ఆర్టీసీ టికెట్టు, పెళ్ళిపత్రిక ముక్క, మందుల చీటీ, తలపిన్ను, ఏది చేతికి దొరికితే అది పేజీల మధ్య పెట్టి మరిచిపోతారు. లావు నవలల్లో ఈ గుర్తులు ఎక్కువగా మొదటి యాభై అరవై పేజీల్లోనే ఉండేవి. అంటే పాఠకుడు ఆగిన చోటు అది. కొన్ని పుస్తకాల్లో మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా శెనక్కాయల ఎర్రపొట్టు రాలి ఉండేది. అట్లాంటి పుస్తకం తిరిగొస్తే, దులిపే ఓపిక లేక తిట్టుకునేవాణ్ణి గానీ, దానికి ఇంకో కాపీ తెప్పించాలని మాత్రం రాసుకునేవాణ్ణి. ఇక పెన్సిల్ రాతలు సరేసరి. అధ్యాయం చివర "ఇక్కడి నుంచి బోర్" అని ఒకరు రాస్తే, దాని కింద "నీకు తెలీదులే, ముందుకు చదువు" అని ఇంకొకరు రాసేవాళ్ళు. గ్రంథాలయం పుస్తకం మీద రాయడం తప్పే, కాదనను. ఐనా ఏ పుస్తకం కొనాలి, ఏది వద్దు అనే తీర్మానాలకు ఆ రాతలు నాకు పనికొచ్చినంతగా ఏ పట్టికా పనికిరాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "పూర్తి చేశారా?" అనేది గ్రంథాలయం అడగాల్సిన ప్రశ్న. మాకు పుస్తకం తిరిగి కావాలి కదా. ఇష్టానికి చదివేవాళ్ళు తమను తాము అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎక్కడ ఆగాను? ఎక్కడ వెనక్కి పోయి మళ్ళీ చదివాను? ఎవరికి చెప్పాను? ఏ పుస్తకం నన్ను ఇంకో పుస్తకం దగ్గరికి పంపింది? మీ ఉత్తరంలో వీటన్నిటికీ జవాబులున్నాయి, కాకపోతే మీరు వాటిని ఓటమి కింద రాసుకున్నారు.

గుర్తు లేకపోవడం గురించి ముందు ఒక మాట. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల గుంపులు తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే వేగంగా జరిగిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది అని తేల్చాడు. కాబట్టి నెల తర్వాత సగం పోయిందంటే మీ బుర్రలో లోపమేమీ లేదు. దీనికి ఇంకో కొస కూడా ఉంది. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళ కంటే, ఒకసారి చదివి పాఠం పక్కన పెట్టి గుర్తున్నది రాసినవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ నిలిచింది. మన అవధానులూ హరికథలు చెప్పేవాళ్ళూ ఈ సంగతి ఎప్పటి నుంచో ఎరుగుదురు, అది వేరే మాట.

అందుకని వెనక్కి చూసుకునే రోజు పుస్తకాలు దగ్గర పెట్టుకోకండి. ఒక సాయంత్రం, కాస్త ఎండ తగ్గాక, తెల్లకాగితం తీసుకుని పుస్తకం పేరు రాసి దాని కింద గుర్తున్నది మాత్రమే రాయండి. కథ సారాంశం వద్దు, అది అట్ట వెనకే ఉంటుంది. ఒక దృశ్యం, ఒక మాట, ఒక కోపం, ఏది నిలిస్తే అది. రెండు వాక్యాలకు మించి రాకపోతే అక్కడితో ఆపండి. నక్షత్రాలు, మార్కులు వేయకండి. మార్కులు వేయడం మొదలుపెడితే మనం పాఠకులం కాస్తా పేపర్లు దిద్దే అయ్యవార్లం అవుతాం. ఆ తర్వాతే పుస్తకం తెరిచి, మీకు గుర్తున్నది నిజంగా అందులో ఉందో లేదో చూడండి. చాలాసార్లు కొంచెం తేడాగా ఉంటుంది, ఆ తేడా చూసుకోవడం భలే సరదా.

ఇప్పుడు మీ ఆరు పుస్తకాలు.

కొండపొలం నవల రెండు రాత్రుల్లో అయిపోయిందని, ముగింపు తప్ప పెద్దగా గుర్తు లేదని రాశారు. అదే పేరాలో, చదువుతుండగా మీ తాతకు ఫోన్ చేసి, కరువు కాలంలో గొర్రెలను అడవికి తోలుకుపోయేవాళ్ళా అని అడిగితే ఆయన గంటసేపు మాట్లాడాడని కూడా రాశారు. దాన్ని రాసిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారు కడప జిల్లా మనిషి. వానల్లేక మేత, నీళ్ళు దొరకనప్పుడు కాపరులు గొర్రెలతో నల్లమల ఎక్కడం ఆ నవలకు ఆధారం. మీ తాత చెప్పిన గంట మాటలు ఆ నవల వల్ల వచ్చినవి. అవి ఎక్కడైనా రాసుకున్నారా? ఈ నెల కాగితం మీద మొదట ఎక్కాల్సింది అదే. ఈసారి పుస్తకం కాదు, ఆ సంభాషణ రాసి పెట్టండి. తాతల మాటలకు రెండో ముద్రణ ఉండదు.

శప్తభూమి వందో పేజీ దగ్గర ఆగిపోయింది, పేర్లు కలిసిపోతున్నాయి, ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థం కాలేదన్నారు. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఈ నవల మధ్యలో ఆపినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఆపినందుకు అందరూ తమనే తప్పుపట్టుకుంటారు. బండి నారాయణస్వామిగారి ఈ నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అవార్డు వచ్చింది కాబట్టి చదవాల్సిందే అనే బరువు నెత్తిన పెట్టుకుని మొదలుపెడతారు. కథ జరిగేది 18వ శతాబ్దంలో, మీరు రోజూ తిరిగే అనంతపురం చుట్టుపక్కలే. కానీ ఆ కాలం గురించి బడిలో మనకు చెప్పింది దాదాపు శూన్యం. కృష్ణదేవరాయల దగ్గర పాఠం ఆగుతుంది, మళ్ళీ కంపెనీ కలెక్టరు మన్రో దగ్గర మొదలవుతుంది. మధ్యలో రెండున్నర శతాబ్దాలకు పైగా ఖాళీ.

ఆ ఖాళీని స్థూలంగా ఇట్లా పూరించుకోండి. 1565లో విజయనగరం దెబ్బతిన్నాక సీమలో పాలెగాళ్ళు ఎవరికి వారు బలపడ్డారు. అనంతపురం ప్రాంతం హండె వంశంవాళ్ళ చేతిలో ఉండేది. 18వ శతాబ్దం వచ్చేసరికి ఒకవైపు కడప నవాబు, ఒకవైపు మరాఠాలు, తర్వాత మైసూరు హైదర్ అలీ, నిజాం. ఎవరిది పైచేయి ఐతే వాళ్ళకు కప్పం కట్టి బతకాలి. చివరికి 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఇంత మాత్రం తెలిస్తే నవలలో సంస్థానం ఎందుకంత భయం భయంగా బతుకుతోందో తెలుస్తుంది. కప్పం కట్టడానికి డబ్బు ఎవరి వీపు మీద నుంచి వస్తుందో కూడా తెలుస్తుంది. అక్కడి నుంచి పేర్లు వాటంతట అవే విడిపోతాయి. ఇంకో పని కూడా చేయండి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఒక చీటీ మీద పేరు, కులవృత్తి, ఊరు రాసుకుంటూ పోండి. మొదటి పాతిక పేజీలకే ఆ చీటీ నిండుతుంది, ఆ తర్వాత దాని అవసరం ఉండదు.

ఇట్లా ఆపిన పుస్తకాలన్నీ ఒక రకం కావు. కొన్ని మనకు పడవు, వాటిని నిర్మొహమాటంగా వదిలేయాలి, ఎంత పెద్ద అవార్డు వచ్చినా సరే. కొన్ని పడతాయి గానీ వేళ కాదు. కొన్నింటికి ముందు చిన్న ఆధారం కావాలి, శప్తభూమి మీ విషయంలో ఈ రకం. ఏది ఏ రకమో తేల్చుకోవడమే నెలాఖరున కూర్చుని చేయాల్సిన అసలు పని అని నా అభిప్రాయం. పూర్తయిన పుస్తకాల జాబితా చూస్తే వచ్చే నెల ఏం చదవాలో తెలియదు. ఆగినవాటిని చూస్తే తెలుస్తుంది.

పెన్నేటి పాట ఫోన్‌లో, బస్సులో, ఒక్క ప్రయాణంలో చదివేశానన్నారు. బాగానే ఉంది గానీ మనసుకు ఎక్కలేదన్నారు. ఎక్కదు మరి. దాన్ని రాసిన విద్వాన్ విశ్వంగారు మీ జిల్లా తరిమెలలో 1915లో పుట్టారు. పెన్న నది ఎండిపోయిన బతుకును, రంగడు, గంగమ్మ అనే ఇద్దరి కథగా చెప్పిన కావ్యం అది. పేరులోనే పాట ఉంది కదా, దాన్ని కళ్ళతో గబగబా లాగేస్తే మిగిలేది కథ ఒక్కటే. కథేమో చిన్నది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు వేసుకుని గొంతెత్తి చదవండి. సిగ్గుపడకండి. రోజుకు రెండు మూడు పేజీలు చాలు. ఎక్కడ ఊపిరి ఆపాలో, ఎక్కడ గొంతు పెరగాలో మీకే తెలుస్తుంది. ఇంకా మంచిది, ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకు వినిపించండి. పెన్నలో నీళ్ళు పారడం చూసినవాళ్ళు వింటే మధ్యలో ఆపి ఏదో ఒకటి చెప్తారు.

కేతు విశ్వనాథరెడ్డిగారి కథల సంపుటి మూడు రోజుల్లో వరసగా చదివారు, ఇప్పుడు ఏ కథ ఏదో కలగాపులగమైందన్నారు. 1996లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన సంపుటి అది. అందులో లోపం లేదు, మీలోనూ లేదు. కథలు పుట్టింది పత్రికల కోసం. ఒక కథ చదివాక మళ్ళీ వారం దాకానో నెల దాకానో ఇంకోటి వచ్చేది కాదు. ఆ మధ్య కాలంలో పాఠకుడు దాన్ని నెమరేసుకునేవాడు, పక్కవాడితో వాదించేవాడు. సంపుటిగా వేశాక అన్నీ ఒక అట్ట కిందికి వచ్చాయి కాబట్టి నవల మాదిరి చదివేస్తున్నాం. పెళ్ళి విస్తరిలో పప్పు, పులుసు, పాయసం ఒకేసారి కలిపి తిని దేని రుచీ తెలీలేదంటే వంటవాడేం చేస్తాడు? రోజుకు ఒక్క కథ. చదివాక పుస్తకం మూసి ఇంకో పని చూసుకోండి. ముఖ్యంగా కేతుగారివి గట్టిగా అరిచే కథలు కావు. కడప పల్లెల్లో అప్పు, భూమి, చదువు, ఉద్యోగం మనుషులను ఎట్లా మారుస్తాయో మామూలు మాటల్లో చెప్పేసి తప్పుకుంటాడాయన. కథ అయిపోయిన పూట కాదు, మర్నాడు తడుతుంది అసలు సంగతి. మర్నాటికి ఇంకో నాలుగు కథలు పైన పడేస్తే అది తట్టేదెప్పుడు? అన్నట్లు ఆయన కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్న మనిషి. మీరు ఒక ఊరి పేరు దగ్గర ఆగి మ్యాప్‌లో వెతికానని రాశారే, ఆయనకు నచ్చే పాఠకురాలే మీరు.

డిటెక్టివ్ నవల లెక్కలోకి వస్తుంది. దీని మీద చర్చ కూడా అనవసరం. ఒకప్పుడు సీమలో ప్రతి చిన్న టౌన్‌లోనూ బస్టాండ్ దగ్గరో బజారులోనో అద్దె పుస్తకాల షాపులుండేవి. రోజుకింత అని అద్దె. చదవడం అలవాటైన వాళ్ళలో సగంమంది అక్కడి నుంచే మా గ్రంథాలయానికి వచ్చారు. బరువైన రెండు పుస్తకాల మధ్య అట్లాంటిదొకటి పెట్టుకోవడం తెలివైన పనే.

ఇక తిరుమల రామచంద్రగారి హంపీ నుంచి హరప్పా దాక. ఇది "పూర్తి చేయలేదు" అనే పట్టికలో పెట్టారు. మీ మాటల్లోనే చెప్పాలంటే, ఎక్కడో మధ్యలో తెరిచారు, కొన్ని అధ్యాయాలు చదివారు, ఒక అధ్యాయం మూడుసార్లు చదివారు, ఆయన రాసిన లిపి పుస్తకం దొరుకుతుందా అని షాపులో అడిగారు. అమ్మా, ఇంతకంటే ఇష్టంగా చదవడం ఇంకేముంటుంది? ఆత్మకథను నవల మాదిరి మొదటి నుంచి చివరి దాకా చదవాలనే రూలు లేదు. అనంతపురం జిల్లాలో పుట్టి, సంస్కృతం, ప్రాకృతం, శాసనాలు, తాళపత్రాలు, పత్రికలు, స్వాతంత్ర్య పోరాటం, అన్నీ చూసిన మనిషి జ్ఞాపకాలవి. కావాలన్నప్పుడు తెరిచి, ఆయన పక్కన కాసేపు కూర్చుని రావడమే ఆ పుస్తకానికి సరైన పద్ధతి. నన్నడిగితే మీ నెలలో మొదటి స్థానం దీనిదే.

ఒక పుస్తకం ఇంకో పుస్తకానికి దారి చూపడం చిన్న సంగతి కాదు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినవాడు. కంపెనీ నౌకరీలో తెలుగు పరీక్ష పాసవ్వాలి కాబట్టి తెలుగు నేర్చుకున్నాడు. తర్వాత ఒక ఫ్రెంచి పాద్రీ పుస్తకంలో వేమన ప్రస్తావన కంటపడింది. అక్కడి నుంచి వేమన పద్యాల ప్రతులు వెతికించి, పండితులను పెట్టి పోల్చి చూసి, 1829లో అచ్చు వేయించాడు. ఆ కుతూహలమే నిఘంటువు దాకా తీసుకుపోయింది. ఆయన కడపలో కాపురమున్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం, పరిశోధన కేంద్రం ఉన్నాయి. అనంతపురం నుంచి కడప ఎంత దూరమని, ఒక ఆదివారం వెళ్ళి రండి. ముందు ఫోన్ చేసి తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.

యాప్ సంగతి అడిగారు. పెట్టుకోండి, తప్పేమీ లేదు, పేర్లు మరిచిపోకుండా ఉంటాయి. లక్ష్యం అనే అంకె ఒక్కటి మాత్రం తీసేయండి. అది ఉంటే జూన్‌లో మీరు శప్తభూమి ముట్టరు. పలచటి పుస్తకాలు ఏరుకుంటారు. వంద పెట్టుకున్న మీ స్నేహితురాలిని ఒకసారి అడిగి చూడండి, ఈ ఏడాది ఏ పుస్తకం దగ్గర ఆగిపోయావు అని. ఆమె చెప్పే జవాబు నుంచి మీకు ఒక మంచి పుస్తకం దొరకొచ్చు.

జూన్‌కి ఏం చదవాలన్నది మీరు అడగలేదు గానీ చెప్తాను. కొత్తవి తేకండి. శప్తభూమి చీటీతో మళ్ళీ మొదటి నుంచి, కేతు కథలు రోజుకొకటి, పెన్నేటి పాట గొంతెత్తి. ఈ మూడూ మీ దగ్గర ఉన్నవే. నెల సరిపోకపోతే జూలైలోకి పోనివ్వండి.

కొత్త పుస్తకాలు కొనాలంటే జీతం చాలదు అని చివర్లో ఒక మాట రాశారు. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, అందులో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు ఉంటుంది. రూపాయి పన్నుకు 8 పైసలు. అద్దె ఇంట్లో ఉంటే మీ ఇంటి యజమాని కడుతుంటాడు, అది అద్దెలో కలిపే ఉంటుంది. మా కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఊరూరా గ్రంథాలయాల కోసం, పెద్దలకు చదువు కోసం ఏళ్ళ తరబడి తిరిగినవారు. ఆయన పోయిన 1960లోనే పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఈ పన్ను వసూలయ్యేది ఆ చట్టం కిందే. అంటే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలకు మీ డబ్బు ఇప్పటికే పోయింది. సభ్యత్వానికి చిన్న డిపాజిట్ కట్టించుకుంటారు, ఏ కాగితాలు కావాలో కౌంటర్‌లోనే చెప్తారు. పుస్తకాలను విషయం వారీగా సర్దే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827 నంబరు కింద ఉంటుంది. దాన్ని పట్టుకుని రాక్ దగ్గరికి నేరుగా వెళ్ళండి. కావాల్సిన పుస్తకం లేకపోతే ఊరికే తిరిగి రాకుండా పేరు, రచయిత రాసి ఇచ్చి రండి. అడిగినవాళ్ళుంటేనే ఆ పేరు కొనాల్సిన జాబితాలోకి ఎక్కుతుంది.